అమ్మ కీళ్లవాతానికి టోఫాసిటినిబ్ గానీ అడాలిముమాబ్ గానీ వాడదామన్నారు, వాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అమ్మకి 56 ఏళ్లు, ఆరేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్. పొద్దున లేవగానే గంటన్నర దాకా వేళ్లు ముడుచుకోవు, టీ గ్లాసు రెండు అరచేతుల మధ్య పట్టుకుని తాగుతుంది, కుక్కర్ మూత నేనే తీసిపెట్టి ఆఫీసుకి వెళ్తాను. మొదట్లో మా ఊళ్లో ఒకాయన రెండేళ్లు స్టెరాయిడ్ బిళ్లలే మింగించాడు, నొప్పి తగ్గిందని మేమూ ఊరుకున్నాం, చివరికి షుగర్ వచ్చింది (మా తప్పూ ఉందిలెండి).

తర్వాత హైదరాబాద్‌లో రుమటాలజిస్టుకి చూపించాం. వారానికి ఒక్కరోజే మెథోట్రెక్సేట్, మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్, దాంతోపాటు హైడ్రాక్సీక్లోరోక్విన్. ఏడాదిన్నర బాగానే ఉంది కానీ ఇప్పుడు మణికట్లు మళ్లీ వాచాయి, సీఆర్‌పీ (ఒంట్లో వాపుని చూపే రక్తపరీక్ష) కూడా పెరిగింది. డాక్టరుగారు రెండు దారులు చెప్పారు: రోజుకి రెండుసార్లు టోఫాసిటినిబ్ 5 ఎంజీ, లేదా రెండు వారాలకోసారి అడాలిముమాబ్ ఇంజెక్షన్. ఏదైనా ముందు టీబీ, హెపటైటిస్ పరీక్షలు తప్పనిసరన్నారు. బిళ్లయితే చవక, జెనరిక్ దొరుకుతుంది. కానీ 2021లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ టోఫాసిటినిబ్ రకం మందులకి గుండెపోటు, రక్తం గడ్డలు, క్యాన్సర్ గురించి గట్టి హెచ్చరిక పెట్టిందని చదివినప్పటినుంచి నాకు ఒకటే టెన్షన్, అందులోనూ అమ్మకి బీపీ ఉంది.

ఇంట్లో ఎవరైనా ఇవి వాడుంటే చెప్పండి ప్లీజ్. ఎన్ని వారాలకి తేడా తెలిసింది? హెర్పిస్ (నీటి పొక్కుల ఇన్ఫెక్షన్) లాంటివి వచ్చాయా? ఇంజెక్షన్ ఇంట్లోనే వేసుకుంటున్నారా, బయోసిమిలర్‌కి (అదే ఇంజెక్షన్‌కి వేరే కంపెనీలు చేసే దాదాపు అలాంటి మందుకి) నెలకి ఎంతవుతోంది? పసరు మందులు, నూనెలు మాత్రం చెప్పకండి, అన్నీ అయిపోయాయి. వచ్చే సోమవారమే అపాయింట్‌మెంట్, ఈలోపు డాక్టరుగారిని ఏమేం అడగాలో రాసుకుంటున్నాను.