తేమ మీటర్‌కు లైనక్స్ డ్రైవర్ లేదు, రాసుడు ఎక్కడ మొదలువెట్టాలె?

ప్రశ్న (మిర్యాలగూడ):
వడ్ల తేమ చూసే మీటర్ రీడింగు యూఎస్‌బీ తీగతోని కంప్యూటర్ల ఎక్కాలె. సాఫ్ట్‌వేర్ విండోస్‌కే ఇచ్చిండ్రు. ఉబుంటు 22.04 (లైనక్స్ రకం)ల ఎల్‌ఎస్‌యూఎస్‌బీ (యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే కమాండ్) కొడితే పరికరం కనవడుతది, సీరియల్ పోర్టు మాత్రం వస్తలేదు. సీ భాష వస్తది, కర్నల్ (లైనక్స్ నడిమి భాగం) ఎన్నడు ముట్టలె.

జవాబు (నల్లగొండ):
తమ్ముడూ, ముందుగాల ఎల్‌ఎస్‌యూఎస్‌బీల పరికరం ఐడీ (కంపెనీ నంబరు, వస్తువు నంబరు) చూడు. 1ఏ86:7523 అయితే అది సీహెచ్340 చిప్పు (యూఎస్‌బీని సీరియల్‌గ మార్చేది), దాని డ్రైవర్ సీహెచ్341 పేరుతోని కర్నల్ల ఉండనే ఉన్నది. 22.04ల బ్రెయిలీ తెరల కోసం పెట్టిన బీఆర్‌ఎల్‌టీటీవై ప్రోగ్రాం ఆ ఐడీని తనదే అనుకొని పోర్టు గుంజుకుంటది. డీమెస్గ్ (కర్నల్ సందేశాలు చూపే కమాండ్)ల పోర్టు వచ్చి ఎంటనే పోయినట్టు ఉంటది. బ్రెయిలీ తెర వాడేటోళ్లు లేకుంటే ఆ ప్యాకేజీ తీసెయ్యి. చిప్పు అదే ఉండి ఐడీ వేరైతే, డ్రైవర్‌ను మోడ్‌ప్రోబ్ కమాండ్‌తోని ఎక్కించి, సిస్ ఫోల్డర్ల దాని న్యూ_ఐడీ ఫైల్ల ఐడీల రెండు నంబర్లు రాయి. రీబూట్ చేస్తే పోతది, మళ్ల రాయాలె.

ప్రశ్న (మిర్యాలగూడ):
ఐడీ వేరే అన్నా. ఇంటర్‌ఫేస్ క్లాస్ ఎఫ్‌ఎఫ్, బల్క్ ఎండ్‌పాయింట్లు (డేటా పోయే దారులు) రెండు: 81 (లోపలికి), 02 (బయటికి).

జవాబు (మహబూబ్‌నగర్):
ఎఫ్‌ఎఫ్ అంటే కంపెనీ సొంత పద్ధతి. మీటర్, దాని విండోస్ సాఫ్ట్‌వేర్ నడుమ పోయే మాటలు వినాలె. వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్)ల విండోస్ పెట్టి మీటర్‌ను దానికి అప్పజెప్పు. లైనక్స్ దిక్కు యూఎస్‌బీమాన్ (యూఎస్‌బీ డేటాను చూపే కర్నల్ మాడ్యూల్) ఎక్కించి, వైర్‌షార్క్ ప్రోగ్రాంల రికార్డు చెయ్యి. ఒక్కో రికార్డుల ఒక్కటే పని: తీగ పెట్టుడు, రీడింగు అడుగుడు.

కొనుగోలు కేంద్రంల హద్దు 17 శాతం గదా, మీటర్ 17.0 చూపిన రికార్డుల ఏఏ వెతుకు. పదితోని గుణిస్తే 170, దానికి హెక్స్ (16 అంకెల లెక్క) అదే. నూరుతోని గుణిస్తే 1700, అంటే 06 ఏ4, తిరగేసి ఏ4 06 అని కూడ ఉండొచ్చు. 17.0 అని అక్షరాలుగ పంపితే 31 37 2ఈ 30. 17.1 వడ్లు పెట్టి మళ్ల రికార్డు చెయ్యి, మారిన బైటే రీడింగు. దానితోపాటు చివరి బైటు కూడ మారితే అది చెక్‌సమ్ (డేటా సరిగ వచ్చిందో చూసే లెక్క) అనుకోవచ్చు.

దొరికినంక పైయూఎస్‌బీ లైబ్రరీతోని పైథాన్ల రాయి. తప్పు పోయినా మెషీన్ ఆగదు. పర్మిషన్ లేదంటే యూడెవ్ రూల్ (పరికరం ఎవరు వాడొచ్చో చెప్పే ఫైలు) పెట్టు. రీడింగు తీసుకొనుడే పనైతే కర్నల్ డ్రైవర్ అక్కెర లేదు.

జవాబు (నల్లగొండ):
నేర్చుకుందామనుకుంటే కర్నల్ సోర్సుల యూఎస్‌బీ స్కెలిటన్ ఫైలు (నమూనా డ్రైవర్) తెరువు. నడుస్తున్న కర్నల్‌కు సరిపోయే హెడర్లు లేకుంటే ఇన్‌వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్ అంటది. కొత్తోళ్లు ఎక్కువ దెబ్బతినేది బఫర్ కాడ: స్టాక్ మీద పెట్టొద్దు, డీఎంఏ (ప్రాసెసర్ లేకుండ పరికరం మెమరీని నేరుగ వాడే పద్ధతి) దాన్ని అందుకోలేదు, కేమల్లాక్ ఫంక్షన్‌తోని తీసుకో. యూఆర్‌బీ (ఒక్క యూఎస్‌బీ డేటా పని) ముగిసినప్పుడు పిలిచే ఫంక్షన్ నిద్రపోగూడదు, అండ్ల మెమరీ అడిగితే జీఎఫ్‌పీ అటామిక్ (ఆగకుండ ఇయ్యమనే గుర్తు) వాడాలె. డిస్‌కనెక్ట్‌ల యూఆర్‌బీలను చంపకుండ మెమరీ ఇడిస్తే, తీగ పీకంగనే కర్నల్ కూలుతది. అందుకే వర్చువల్ మెషీన్లనే పరీక్షించు.

ప్రశ్న (మిర్యాలగూడ):
నేను రాసిన మాడ్యూల్‌ను ఎక్కించేందుకు ఇన్స్‌మాడ్ కొడితే కీ రిజెక్టెడ్ అంటుంది.

జవాబు (మహబూబ్‌నగర్):
సెక్యూర్ బూట్ (సైన్ చేయని కోడ్‌ను ఆపే భద్రత) ఆన్ ఉన్నది. మాడ్యూల్‌ను నీ కీతోని సైన్ చేసి, ఆ కీని మోక్‌యుటిల్ కమాండ్‌తోని ఇంపోర్ట్ చెయ్యి; రీబూట్ల వచ్చే నీలం తెర మీద ఎన్‌రోల్ ఒత్తి పాస్‌వర్డ్ కొట్టాలె. అది దాటేస్తే కీ ఎక్కదు, ఇంపోర్ట్ మళ్ల చెయ్యాలె.