డెడ్ కెన్నెడీస్ వ్యాసంలో పాటలు ఎవరివని రాయాలి?

ఎకోగిటార్ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్తే. తెలుగు వికీపీడియా కోసం డెడ్ కెన్నెడీస్ మీద ఒక పెద్ద వ్యాసం రెండు నెలలుగా నా ప్రయోగశాల పేజీలో (చిత్తుగా రాసుకునే పేజీ) రాస్తున్నాను. ఒకే ఒక్క లైను దగ్గర ఆగిపోయాను.

ఈ బ్యాండ్ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో గిటారిస్ట్ ఈస్ట్ బే రే ప్రకటన ఇచ్చి మనుషుల్ని పోగేస్తే పుట్టిన పంక్ (వేగంగా, గట్టిగా వాయించే తిరుగుబాటు రాక్) బ్యాండ్ ఇది. గాయకుడు జెల్లో బియాఫ్రా, బేస్ గిటార్ క్లాస్ ఫ్లూరైడ్. 1980లో మొదటి ఆల్బమ్ 'ఫ్రెష్ ఫ్రూట్ ఫర్ రాటింగ్ వెజిటబుల్స్' వచ్చింది. 1981లో డ్రమ్స్ దగ్గరికి డి.హెచ్. పెలిగ్రో వచ్చాడు. 1986లో విడిపోయారు. 1998లో మిగతా ముగ్గురూ రాయల్టీల విషయంలో బియాఫ్రా మీద కేసు వేశారు. 2000లో జ్యూరీ ఆ ముగ్గురి వైపు తీర్పిచ్చింది. బియాఫ్రా, అతని లేబుల్ (రికార్డు కంపెనీ) ఆల్టర్నేటివ్ టెంటకిల్స్ కలిసి దాదాపు 2 లక్షల డాలర్లు కట్టాలంది. 2003లో అప్పీలు కోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. 2001 నుంచి అదే పేరుతో, వేరే గాయకులతో బ్యాండ్ నడుస్తోంది.

నేను "పాటల రచన: జెల్లో బియాఫ్రా" అని రాశాను. నాతో కలిసి రాస్తున్న ఫ్రెండ్ దాన్ని "డెడ్ కెన్నెడీస్" అని మార్చాడు. నేను వెనక్కి తిప్పాను, వాడు మళ్ళీ మార్చాడు. ఒక్క రాత్రిలో మూడుసార్లు ఇదే జరిగింది. ఆ తర్వాత నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. పదేళ్ళ స్నేహం. ఏది రాస్తే న్యాయమో మీరు చెప్పండి.

తీర్పుకాపీ

ఇందులో ఆలోచించడానికేముంది బ్రదర్? రెండు కోర్టులు చూశాక మనం మూడో కోర్టు పెట్టడం దేనికి? పాత రికార్డులు చాలావరకు ఆ ముగ్గురి చేతికే వచ్చాయి, 2001లో వేరే లేబుల్ మీద మళ్ళీ విడుదలయ్యాయి. "డెడ్ కెన్నెడీస్" అని రాసి, తీర్పు కాపీ లింకు పెట్టేయండి. మీ ఫ్రెండ్ చేసిందే కరెక్ట్.

గోడమీదిరాత

నేను గట్టిగా కాదంటాను. 'కాలిఫోర్నియా ఊబర్ అలెస్' విన్నవాళ్ళెవరికైనా ఆ మాటలు ఎవరి బుర్రలోంచి వచ్చాయో తెలుస్తుంది. అప్పటి గవర్నర్ జెర్రీ బ్రౌన్ గొంతు పెట్టుకుని, అతన్నే చీల్చి చెండాడిన పాట అది. 1979లో బియాఫ్రా శాన్‌ఫ్రాన్సిస్కో మేయర్ పదవికి కూడా నిలబడ్డాడు. ఆ పాటల్లో ఉన్న రాజకీయం ఆ మనిషిదే.

ఇంకో సంగతి. 'హాలిడే ఇన్ కాంబోడియా'ను లెవైస్ డాకర్స్ ప్యాంట్ల ప్రకటనకి ఇవ్వనన్నందుకే గొడవ మొదలైందని బియాఫ్రా చెప్పాడు. కాంబోడియా నియంత పోల్‌పాట్ మారణహోమాన్ని చూపించి, సుఖంగా బతికే అమెరికా కుర్రాడిని నిలదీసిన పాట అది. అలాంటి పాటను ప్యాంట్లు అమ్ముకోవడానికి ఇవ్వనన్న వాడి పేరు తీసేస్తే వ్యాసంలో ఇక పంక్ ఏం మిగులుతుంది?

తీర్పుకాపీ

ప్రకటన వల్లే కేసు వేశామన్న మాటను ఆ ముగ్గురూ ఒప్పుకోలేదు, అది కూడా రాయాలి కదా. వాళ్ళ ఫిర్యాదల్లా లేబుల్ నుంచి తమకి రావాల్సిన డబ్బు దాచారని. కార్పొరేట్ల మీద పాటలు రాసినవాడు తోటి సంగీతకారులకి రాయల్టీ ఎగ్గొట్టాడని జ్యూరీ తేల్చింది. అది మీకు చిన్న విషయమా?

శ్రుతిపెట్టె

మీరిద్దరూ కేసు దగ్గరే తిరుగుతున్నారు. నాకు గొడవంతా "రచన" అనే మాటలో ఉందనిపిస్తోంది.

మన సినిమా పాటల క్యాసెట్ కవర్ గుర్తు తెచ్చుకోండి. "రచన" ఒక లైను, "సంగీతం" ఇంకో లైను. ఈ పాట ఎవరు రాశారని మనవాళ్ళని అడిగితే కవి పేరు చెబుతారు. బాణీ ఎవరు కట్టారంటే సంగీత దర్శకుడి పేరు చెబుతారు. రెండింటినీ మనం ఎన్నడూ కలపలేదు. రాక్ రికార్డు మీద అలా కాదు. మాట, బాణీ, గిటార్ వరస, అన్నిటికీ కలిపి ఒకే లైను ఉంటుంది. దాన్ని తెచ్చి మీరు "పాటల రచన" అన్నారు. చదివిన తెలుగువాడికి "సాహిత్యం బియాఫ్రాది" అని అర్థమవుతుంది. మీ ఫ్రెండ్‌కేమో "బాణీలు కూడా బియాఫ్రావే" అని వినిపించింది. ఒకే మాటకి ఇద్దరూ రెండు అర్థాలు చెప్పుకుని రాత్రంతా కొట్టుకున్నారు.

ఇప్పుడు ఆల్బమ్‌లో ఉన్న 'హాలిడే ఇన్ కాంబోడియా' పెట్టుకుని, మంచి హెడ్‌ఫోన్స్‌తో వినండి. ముందు బేస్ వస్తుంది. దాని మీద గిటార్ పాకుతూ, ఎకోలో తన శబ్దాన్ని తనే తరుముకుంటూ వస్తుంది. రే వాడిన ఎకోప్లెక్స్ అనే టేప్ ఎకో యంత్రం చేసిన పని అది. చాలాసేపటికి గానీ గొంతు వినపడదు. అప్పటికే ఒళ్ళు జలదరిస్తుంది. నాకు మొదటిసారి అలాగే అయింది, అప్పటికి నాకు పాటలో ఒక్క మాటా అర్థం కాలేదు. ఆ మొదటి భాగాన్ని ఎవరి ఖాతాలో వేస్తారు? బియాఫ్రా వాయిద్యం పట్టే మనిషి కాదు, తన ఊహలోని వరసల్ని నోటితో పాడి వినిపించేవాడు. దాన్ని తీగల మీదకి ఎక్కించినవాళ్ళు వేరు. నోటితో పాడినదే బాణీ అంటే అతనిది. తీగల మీద పలికిందే బాణీ అంటే అందరిది. ఏ కోర్టూ ఆ గీతని గీయలేదు. డబ్బు, హక్కుల లెక్క తేల్చడం వేరు, ఏ స్వరం ఎవరి మనసులో పుట్టిందో తేల్చడం వేరు.

పైగా "అన్ని పాటలూ బియాఫ్రావే" అన్నది అతని అభిమానులు కూడా నిలబెట్టలేని మాట. అదే ఆల్బమ్‌లో 'ఫార్వర్డ్ టు డెత్' 1979లోనే బ్యాండ్ వదిలేసిన రెండో గిటారిస్ట్ 6025ది (అది అతని మారుపేరు). చివర్లో ఉన్న 'వీవా లాస్ వేగస్' ఎల్విస్ పాడిన పాత పాట.

మూలంఎక్కడ

శ్రుతిపెట్టె గారు అసలు ముడి విప్పారు. వికీలో చాలా ఏళ్ళుగా రాస్తున్నాను కాబట్టి, ఇప్పుడు పేజీ పద్ధతుల గురించి కొంత చెప్తాను.

తీర్పుకాపీ గారూ, తీర్పు లింకు పెట్టేస్తే సరిపోతుందన్నారు. సరిపోదండి. బతికి ఉన్న మనుషుల గురించి రాసేటప్పుడు కోర్టు కాగితాల్ని నేరుగా ఆధారంగా వాడొద్దని ఇంగ్లీషు వికీ నియమం. పొడవైన తీర్పులో మనకి నచ్చిన వాక్యం ఏరుకుని రాయడం చాలా సులువు. అందుకే ఆ తీర్పు గురించి ఒక పత్రికో పుస్తకమో ఏం రాసిందో చూసి, అది ఆధారంగా పెట్టమంటారు.

గోడమీదిరాత గారూ, విన్న ఎవరికైనా తెలుస్తుందన్నారు. అది మీ చెవి చెప్పిన సాక్ష్యం. దాన్ని వ్యాసంలోకి తెస్తే మౌలిక పరిశోధన (అచ్చులో ఆధారం లేని సొంత నిర్ధారణ) అవుతుంది. శ్రుతిపెట్టె గారు ఎకో గురించి రాసినది నాకు ఎంతో నచ్చింది కానీ, అది కూడా ఆధారం లేకుండా వ్యాసంలోకి వెళ్ళదు.

ఇలాంటి చోట ప్రతిసారీ ఒక ప్రశ్న వస్తుంది, "పోనీ, ఆ మనిషినే అడిగితే?" అని. 2012లో అమెరికన్ నవలాకారుడు ఫిలిప్ రాత్‌కి ఇదే ఎదురైంది. 'ది హ్యూమన్ స్టెయిన్' అనే తన నవలకి ప్రేరణ ఎవరన్న విషయంలో వికీ వ్యాసం తప్పుగా ఉందని అతను దిద్దమన్నాడు. రచయిత మాట ఒక్కటే చాలదు, వేరే ఆధారం కావాలన్నారు. అప్పుడతను న్యూయార్కర్ పత్రికలో ఒక బహిరంగ లేఖ రాశాడు. అది అచ్చులో కనబడే మాట కాబట్టి వ్యాసంలోకి ఎక్కింది. చాలామంది దీన్ని వికీ మూర్ఖత్వానికి ఉదాహరణగా చెబుతారు. నేను అలా అనుకోను. ఇక్కడ పాట తమదేనన్నవాళ్ళు ఒక్కరు కాదు, వాళ్ళలో ముగ్గురు మొదటి ఆల్బమ్ నాటికే ఆ గదిలో ఉన్నవాళ్ళు. ఒకరి మాటే చాలు అనుకుంటే ఎవరి మాట తీసుకుంటారు?

ఎకోగిటార్ గారూ, మీ ప్రయోగశాల పేజీ చదివాను. ఒకటి చెబితే నొచ్చుకోకండి. మీ వ్యాసంలో "బియాఫ్రా అన్నారు, బియాఫ్రా నిరాకరించారు" అని ఉంది. "రే అన్నాడు, ఫ్లూరైడ్ వాదించాడు" అని ఉంది. ఒకరికి "రు", మిగతావాళ్ళకి "డు". పాట ఎవరిదో రాయకముందే మీ క్రియాపదాలు తీర్పు చెప్పేశాయి. తెలుగు వికీలో అందరికీ ఏకవచనమే పద్ధతి. ఎంత పెద్దవాళ్ళైనా సరే.

ఎకోగిటార్

మీరు చెప్పాక పేజీ మొత్తం వెతికాను. పదకొండు చోట్ల ఉంది. ఒక్కటి కూడా కావాలని రాయలేదు, కానీ ఉన్నది ఉన్నట్టే కదా. అన్నీ మార్చాను. థ్యాంక్స్ అండి.

బేస్_వాడే

రేయ్, ఆ ఫ్రెండ్‌ని నేనే. చర్చ లింకు ఇంకొకడు పంపాడు.

నేను ఎందుకంత మొండికేశానో ఆ రాత్రి నీకు చెప్పలేదు. ఇక్కడ చెప్తా. కాలేజీలో మా బ్యాండ్‌ది ఒక సొంత పాట ఉండేది, నువ్వూ విన్నావు. మాటలు మా సింగర్‌వి. బాణీ మాత్రం నేనూ డ్రమ్మరూ కలిసి హాస్టల్ టెర్రస్ మీద కట్టాం. కరెంటు పోయిన రాత్రి, ఆంప్ లేకుండా, బేస్ తీగల చప్పుడు వినపడాలని గిటార్ చెక్కకి చెవి ఆనించుకుని వాయించా. వాడు నీళ్ళ డ్రమ్ము మీద వేళ్ళతో కొట్టాడు. తెల్లారేసరికి పాట అయింది. ఫెస్ట్ పోస్టర్ మీద "పాట" అని సింగర్ పేరు ఒక్కటే వేశారు. అడిగితే "రాసింది వాడే కదా" అన్నారు. ఆ పోస్టర్ ఇంకా నా దగ్గరుంది. ఆ రోజు నుంచి "రాసింది వాడే" అన్న మాట వినపడితే నాకు మండుతుంది. నీ లైను చూసినప్పుడు క్లాస్ ఫ్లూరైడ్ ఉన్న చోట నేనున్నట్టు అనిపించింది.

తీర్పుకాపీ

అన్నా, మనసులో మాట చెప్పారు. నేను కోర్టు కోర్టు అంటున్నాను గానీ, మీరు చెప్పినది ఏ తీర్పులోనూ దొరకదు.

గోడమీదిరాత

మీ బాధ అర్థమైంది. అయినా నా మాట మీద నేనున్నాను. బాణీ అందరిదీ అని రాయండి, నాకు అభ్యంతరం లేదు. మాటలు మాత్రం అతనివని స్పష్టంగా ఉండాలి. "డెడ్ కెన్నెడీస్" అని ఒక్క పేరు వేస్తే, ఆ మాటల కోసం దెబ్బలు తిన్న మనిషి కనపడకుండా పోతాడు. 1985 నాటి 'ఫ్రాంకెన్‌క్రైస్ట్' ఆల్బమ్‌లోని పోస్టర్ అశ్లీలమని కేసు పెట్టినప్పుడు విచారణలో నిలబడ్డది అతను. 1987లో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేక ఆ కేసు పోయింది. ఆ పోరాటం అతన్ని ఎంత నలిపిందో కూడా రాయాలి.

శ్రుతిపెట్టె

ఆ పోస్టర్ కేసు రాయాల్సిందే. కానీ ప్రయోగశాల పేజీ నేనూ చూశాను, సగం కోర్టులే. 'ప్లాస్టిక్ సర్జరీ డిజాస్టర్స్' ఆల్బమ్‌కి ఒక్క వాక్యం, కేసులకి తొమ్మిది పేరాలు. ఈ బ్యాండ్ గురించి మొదటిసారి చదివే తెలుగు కుర్రాడు వీళ్ళని లాయర్లు అనుకుంటాడు. సంగీతం గురించి అచ్చులో ఉన్న విమర్శలు వెతికి పెట్టండి, నేను సాయం చేస్తాను.

మూలంఎక్కడ

ఒప్పుకుంటాను. పాటల క్రెడిట్ దగ్గర ఇంకో జాగ్రత్త. "కవర్ మీద ఇలా ఉంది" అని రాస్తే ఏ సంవత్సరపు ముద్రణో, ఏ లేబులో కూడా రాయండి. 1980 ముద్రణలో చూసినదాన్ని 2001 ముద్రణ పేరుతో ఆధారంగా పెట్టొద్దు. తేదీ వేస్తే సగం గొడవలు అక్కడే చల్లారతాయి.

క్రియాపదాల్లో "ఒప్పుకున్నాడు", "బుకాయించాడు", "వెల్లడించాడు" వద్దు. "అన్నాడు" చాలు. తెలుగులో అంత శుభ్రమైన మాట ఇంకోటి లేదు.

ఎకోగిటార్

రాత్రి కూర్చుని రాశాను. సమాచారపెట్టెలో (వ్యాసం పక్కన ఉండే వివరాల పట్టిక) రచన అనే వరస మొత్తం తీసేశాను. వ్యాసంలో ఇలా పెట్టాను:

"మొదటి ఆల్బమ్‌లోని చాలా పాటల సాహిత్యం బియాఫ్రాది. 6025 రాసిన పాట, ఇతరుల పాత పాట కూడా అందులో ఉన్నాయి. బ్యాండ్ పాటల బాణీల విషయంలో సభ్యుల మధ్య వివాదం ఉంది. బాణీల్లోనూ ఎక్కువ భాగం తనదేనని బియాఫ్రా అన్నాడు. అవి అందరూ కలిసి కట్టినవని రే, ఫ్లూరైడ్, పెలిగ్రో అన్నారు. 1998లో మొదలైన రాయల్టీల కేసులో 2000లో జ్యూరీ బియాఫ్రాకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది, 2003లో అప్పీలు కోర్టు దాన్ని సమర్థించింది."

ప్రతి వాక్యానికీ ఆధారం విడిగా పెడుతున్నాను. ఇంకో రెండు దొరకాలి.

రేయ్, ఆ పోస్టర్ సంగతి నాకు ముందే చెప్పి ఉంటే నేను మూడోసారి వెనక్కి తిప్పేవాణ్ణి కాదు.

గోడమీదిరాత

"వివాదం ఉంది" అన్న వాక్యం నాకింకా మింగుడు పడటం లేదు. అయినా సాహిత్యం ముందు వచ్చింది కాబట్టి ఇప్పటికి ఊరుకుంటాను. సభ్యుల జాబితాలో బియాఫ్రాని "పూర్వ సభ్యుడు" అనడం మీద మాత్రం వేరే చర్చ పెడతాను. మిస్‌ఫిట్స్ అనే ఇంకో పంక్ బ్యాండ్‌కీ ఇదే చిక్కు. తమ మొదటి గాయకుడు డాన్‌జిగ్ లేకుండా ఏళ్ళ తరబడి వాయించి, 2016లో మళ్ళీ అతనితోనే వేదిక ఎక్కారు. అలాంటి వాటికి ఒక పద్ధతి తేల్చుకుందాం.

బేస్_వాడే

చదివా. "అందరూ కలిసి కట్టినవని" అన్న మాట బాగుంది, ఉంచు. బేస్ గురించి ఒక పేరా నాకు వదిలెయ్, ఫ్లూరైడ్ ఇంటర్వ్యూలు వెతుకుతున్నా. ఆదివారం ఇంటికి రా.