ఆగిపోయిన ట్రావెల్ బ్లాగ్ మళ్లీ మొదలుపెడుతున్నా, ముందు ఏం చేయాలి?

హనుమకొండ బాటసారి:
అన్నలూ, అక్కలూ, ఒక సలహా కావాలి. ఓరుగల్లు చుట్టుపక్కల గుళ్లు, చెరువులు, జలపాతాల మీద తెలుగులో బ్లాగ్ రాసేదాన్ని. వారం వారం పోస్టు రావాలన్న పట్టింపు చివరికి నా మెడకే చుట్టుకుంది. లక్నవరం పోయి వేలాడే వంతెన మీద నిలబడ్డా చెరువు చూసే తీరిక లేదు, ఏ ఫోటో పైన పెట్టాలి, ఏ హెడ్డింగ్‌కు క్లిక్కులు వస్తాయి, ఇదే టెన్షన్. ఒకరోజు ల్యాప్‌టాప్ మూసేశా, మళ్లీ తెరవబుద్ధి కాలేదు.

ఈ మధ్య మళ్లీ రాయాలనిపించి, ఒకాయనతో సైట్ మొత్తం కొత్తగా డిజైన్ చేయించా. చూడ్డానికి బాగుంది గానీ, గూగుల్‌లోంచి పాత పోస్టులకు వచ్చేవాళ్లందరికీ 'పేజీ దొరకలేదు' అనే 404 కనిపిస్తోంది. ఫోన్‌లోనైతే హెడ్డింగుల కింద ఒత్తులు తెగిపోతున్నాయి, 'రుద్రేశ్వర'లో ద కింద ర ఒత్తు సగమే ఉంది. డిజైన్ చేసినాయనను అడిగితే ఆయన ఫోన్‌లో బాగానే ఉందంటాడు. ఇవన్నీ అయ్యేదాకా ఆగాలా, లేక 'మళ్లీ వచ్చేశా' అని ఒక పోస్టు పెట్టి మేడారం లాంటి పెద్ద దానితో మొదలుపెట్టాలా?

కాజీపేట కోడర్:
ముందు లింకులు. మన సైట్ గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో చూపే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో పేజీల రిపోర్ట్ తెరిస్తే 404 వస్తున్న అడ్రసుల లిస్టు ఉంటుంది. ఒక్కో పాత అడ్రసుకు దాని కొత్త పోస్టుకే 301 రీడైరెక్ట్ పెట్టించండి, అంటే పాతది నొక్కినవాళ్లను నేరుగా కొత్తదానికి తీసుకెళ్లే శాశ్వత ఏర్పాటు. పని తొందరగా అయిపోతుందని కొందరు అన్నింటినీ హోమ్ పేజీకి తిప్పేస్తారు, దానికి మాత్రం ఒప్పుకోకండి, అలాంటివాటిని గూగుల్ సాఫ్ట్ 404 కిందే, అంటే అసలు పేజీ లేనట్టే చూస్తుంది, వచ్చినవాళ్లకు కూడా కావాల్సింది దొరకదు. ఇంకోటి, పోస్టు అడ్రసులో తెలుగు అక్షరాలుంటే కాపీ చేసినప్పుడు అవి శాతం గుర్తులతో ఇంత పొడుగు కోడ్‌గా మారతాయి. చివర ఒక్క ముక్క తప్పిపోయినా రీడైరెక్ట్ పనిచేయదు. చేత్తో టైప్ చేయకుండా లిస్టులోంచే తీసుకోమనండి.

ఒత్తుల సంగతికొస్తే, లైన్ హైట్, అంటే ఒక్కో వరుసకు ఇచ్చే ఎత్తు, ఇంగ్లిష్ అక్షరాలను చూసుకుని పెట్టి ఉంటారు. 1.7 దాకా పెంచి చూడండి. అప్పటికీ తెగితే హెడ్డింగ్ బాక్సుకు, బయటికి వచ్చినదాన్ని దాచేసే 'ఓవర్‌ఫ్లో హిడెన్' సెట్టింగ్ ఉందేమో చూసి తీసేయించండి. తెలుగు చదవని డిజైనర్‌కు ఈ తేడా కంటికి ఆనదు, మీరే స్క్రీన్‌షాట్ మీద గీత గీసి పంపాలి.

ములుగు పిల్లగాడు:
అక్కా, లింకులు బాగైతే పాత పోస్టులే మళ్లీ చదువుతారు కదా, మరి వాటిలో ఉన్నది ఇప్పటికి సరిపోతుందా? ములుగు 2019లోనే వేరే జిల్లా అయింది, రామప్ప ఇంకా వరంగల్ జిల్లా అని ఉంటే మాకు కొంచెం బాధే. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. వరంగల్ అర్బన్ కూడా అదే ఏడాది హనుమకొండ జిల్లా అయింది. ఏళ్ల తరబడి విప్పి పెట్టిన వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2024 మార్చిలో తెరిచారు, పాత పోస్టు నమ్ముకుని వచ్చేవాళ్లకు అది తెలియదు. నన్నడిగితే కొత్తది రాయకముందు ఇవి సరిచేయి, పైన ఏ నెలలో మార్చావో వేయి. బోగత జలపాతం పోస్టులోనైతే వానాకాలంలో వరద ఎక్కువైతే ఫారెస్టోళ్లు లోపలికి పంపరన్న మాట తప్పకుండా రాయి, పట్నం నుంచి వాజేడు దాకా వచ్చి గేటు దగ్గర కొట్లాడేవాళ్లు మస్తుమంది.

ఖిలా వరంగల్ అక్క:
తమ్ముడు చెప్పింది నిజమే గానీ, అలసిపోయి ఆపేసిన మనిషికి మొదటి రోజే ఇంత పని అప్పజెప్పకండి. జనం ఎక్కువ చూసే పోస్టులేవో చూసుకుని వాటివరకే దిద్దు చెల్లీ, మిగతావి మెల్లగా. 'మళ్లీ వచ్చేశా' పోస్టు అసలు వద్దు, అది పెడితే తర్వాతి పోస్టు ఎప్పుడని అడుగుతారు, మళ్లీ అదే ఉరి. మేడారం కూడా ఇప్పుడే వద్దు. జాతర రెండేళ్లకోసారి, ఆ వారం అందరూ దాని మీదే రాస్తారు, ఆ పరుగులో నువ్వూ దూరితే ఇంతకుముందు పడ్డ కష్టమే. ఒక సాయంత్రం ఇటు కోటకు రా, కీర్తి తోరణాలు చూసి ఖుష్ మహల్ దాకా నడుద్దాం, కెమెరా ఇంట్లో పెట్టి రా. రాయాలనిపిస్తే రాయి, లేదంటే చాయ్ తాగి ఇంటికి పో.

హనుమకొండ బాటసారి:
అందరికీ థాంక్స్. 404 లిస్టు తీసి డిజైన్ చేసినాయనకు పంపా, 301లు పెడతానన్నాడు. హెడ్డింగుల లైన్ హైట్ నేనే మార్చా, ర ఒత్తు పూర్తిగా కనిపిస్తోంది. ముందు రామప్ప, వేయి స్తంభాల గుడి పోస్టులు దిద్దుతా, ఏ ప్రకటనా పెట్టను. అక్కా, కోటకు ఆదివారం వద్దు, జనం ఎక్కువుంటారు, మధ్యలో ఏదో ఒకరోజు వస్తా. ఈ వానలకు బోగత పోయొచ్చినవాళ్లెవరైనా ఉంటే రోడ్డు ఎట్లుందో, బండి ఎక్కడ ఆపాలో చెప్పండి, ఆ పోస్టులో అది కూడా మార్చాలి.