సిండోపా (పార్కిన్సన్స్‌కి ఇచ్చే లెవోడోపా మాత్ర) వేసుకునేవాళ్ళు పగలు పప్పు, పెరుగు మానేయాలా?

గోదారిగట్టు:
అమ్మకి 68, పార్కిన్సన్స్ వచ్చి ఏడేళ్ళు. సిండోపా రోజుకి నాలుగుసార్లు. ఈమధ్య మధ్యాహ్నం డోసు పనిచేయట్లేదు, అన్నం తిన్న వెంటనే వేసుకుంటుంది, రెండు గంటలైనా కాళ్ళు నేలకి అతుక్కుపోయినట్టే ఉంటాయి. వాట్సాప్‌లో ఎవరో ప్రోటీన్ మందుని అడ్డుకుంటుంది మానిపించండి అంటే పప్పు గుడ్డు పెరుగు అన్నీ ఆపేశాం. నాలుగు నెలల్లో 54 కిలోల మనిషి 49 అయింది. అన్నయ్య ఇలాగే సాగిద్దాం అంటాడు, నాకేమో భయంగా ఉంది.

ఓరుగల్లు_పోరడు:
అన్నా పూర్తిగ బంద్ చేస్తే ఎట్ల? మా నాయినకు గూడ గట్లనే అయితుండె. మేం పొద్దంత అన్నం, కూరగాయలు, పండ్లు పెట్టి, పప్పు గుడ్డు చికెన్ అన్నీ రాత్రికి జరిపినం. వారంలనే ఫరక్ కనవడ్డది, పగలు తన పని తను చేస్కుంటుండు. ఇది కొత్తది గాదు, అమెరికాల 1980లలనే పరీక్ష చేసి చూసిన పద్ధతి. నేనైతే వంద శాతం దీనికే ఓటు.

వైజాగ్_పిన్ని:
బాబూ, మీ నాన్నగారికి పనిచేసింది సంతోషం, కానీ అందరికీ అదే మంత్రం చెప్పకండి. మా వారికి అలాగే చేశాం. పగలు బానే తిరిగేవారు, రాత్రి ప్రోటీన్ అంతా ఒక్కసారి పడేసరికి ఎనిమిదింటి మాత్ర పనిచేసేది కాదు, మంచం మీద పక్కకి ఒత్తిగిలడానికి కూడా నన్ను లేపేవారు. రాత్రంతా జాగారమే. ఇంకోటి, మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు రాత్రి రెండు ఇడ్లీలో కాస్త ఉప్మానో తిని పడుకుంటారు, శనివారమైతే అదీ ఉండదు. అలాంటి మనిషికి రోజంతటి ప్రోటీన్ రాత్రికే పెట్టమంటే చివరికి ఏ పూటా తినరు.

కషాయం_కాకా:
ఈ మాత్రల గొడవెందుకండీ, దూలగొండి గింజల్లో సహజంగానే ఆ మందు ఉంటుంది. చిక్కుడుకాయల్లో కూడా ఉంటుందట, బ్రాడ్ బీన్స్ అని నెట్‌లో కొడితే వస్తుంది. మా పక్కింటాయన రోజూ చిక్కుడుకాయ కూరే.

సందులో_మందులషాపు:
కాకా, ఇక్కడే మనవాళ్ళు బోల్తా పడేది. లెవోడోపా ఉండే బ్రాడ్ బీన్స్ ఉత్తరాదిలో బాక్లా అనేవి, మన పందిరి చిక్కుడు వేరే జాతి. రోజూ తినండి, మలబద్ధకానికి మంచిదే, మందు మాత్రం కాదు. దూలగొండిలో లెవోడోపా ఉన్నమాట నిజమే, 2004లో లండన్‌లో ఎనిమిది మంది మీద పరీక్షిస్తే మాత్ర కన్నా త్వరగా పనిచేసింది కూడా. కానీ పొడిలో ఏ చెంచాకి ఎంత ఉందో ఎవరు కొలుస్తారు? సిండోపా మీద అది కలిపితే డోసు ఎక్కువై ఒళ్ళు మెలికలు తిరగడం, భ్రమలు రావడం ఉంటాయి. డాక్టర్‌కి చెప్పకుండా మాత్రం వద్దు.

గోదారిగట్టు గారూ, లెవోడోపా కూడా ఒక అమైనో ఆమ్లమే, ప్రోటీన్ అరిగితే వచ్చేవీ అవే. పేగు దాటడానికి, మళ్ళీ మెదడులోకి పోవడానికి రెండింటికీ ఒకటే బస్సు, సంక్రాంతి ముందురోజు బస్టాండ్ అనుకోండి. పప్పు మానడం కన్నా ముందు టైం మార్చి చూడండి. తిండికి అరగంట ముందు, లేదా తిన్న గంట తర్వాత మాత్ర. ఖాళీ కడుపున వికారం వస్తే ఒక అరటిపండో గుప్పెడు మరమరాలో చాలు, పాలు వద్దు. ఐరన్ మాత్ర ఉంటే దానికీ దీనికీ కనీసం రెండు గంటల గ్యాప్. మాత్ర ఏ టైంకి వేశారు, ఏం తిన్నారు, కాళ్ళు ఎప్పుడు కదిలాయి అని ఒక వారం నోట్‌బుక్‌లో రాసి న్యూరాలజిస్ట్‌కి చూపించండి.

ఓరుగల్లు_పోరడు:
టైం మార్చుడు మంచిదే, మేం అది చేసినంకనే ప్రోటీన్ జరిపినం. పిన్ని చెప్పిన రాత్రి బాధ మా ఇంట్ల రాలే, అది మనిషిని బట్టి ఉన్నట్టుంది.

వైజాగ్_పిన్ని:
అదే నేను చెప్పేది. ఐదు కిలోలు తగ్గిన మనిషికి ముందు కావాల్సింది తిండి. ఈ జబ్బులో బరువు మామూలుగానే తగ్గుతుంది, ఒళ్ళు కదిలే శ్రమ, మింగడం కష్టం, వాసన తెలియక ఆకలి చచ్చిపోవడం. దానిమీద మనం గిన్నె లాక్కుంటే కండ కరిగి పడిపోతారు, ఈ వయసులో తుంటి ఎముక విరిగితే ఇక లేవడమే కష్టం.

గోదారిగట్టు:
అందరికీ థాంక్స్. పది రోజులైంది. భోజనం ఒంటిగంటకి, మాత్ర పన్నెండున్నరకి మార్చాం, పప్పు మళ్ళీ మొదలుపెట్టాం. మధ్యాహ్నం డోసు ఇప్పుడు ముప్పావుగంటలో పట్టుకుంటోంది. సాయంత్రం డోసు మాత్రం ఇంకా మొరాయిస్తూనే ఉంది, నోట్‌బుక్ తీసుకుని సోమవారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. అన్నయ్య ఇంకా ఒప్పుకోలేదు. నిన్న ఆయన ఎదురుగానే అమ్మ పెరుగు రెండోసారి అడిగి వేయించుకుంది.