రెడ్‌మండ్‌కి ట్రాన్స్‌ఫర్: పాత అపార్ట్‌మెంటా, స్టేషన్ పక్కన కొత్తదా?

మియాపూర్_మనిషి:
అందరికీ నమస్కారం. జనవరిలో ఆఫీసు వాళ్ళు రెడ్‌మండ్ పంపిస్తున్నారు, వాషింగ్టన్ స్టేట్, ఎల్1 మీద, అంటే కంపెనీ ట్రాన్స్‌ఫర్ వీసా. నేను, మా ఆవిడ, పాప. పాపకి వచ్చే అక్టోబర్‌కి ఐదు నిండుతాయి. మొదటి నెల హోటల్ కంపెనీదే, తర్వాత ఇల్లు మనమే చూసుకోవాలి.

ఆన్‌లైన్‌లో వెతుకుతుంటే రెండు రకాలు కనబడుతున్నాయి. ఒకటి 1980ల నాటి రెండు మూడంతస్తుల చెక్క అపార్ట్‌మెంట్లు, రెండు బెడ్‌రూములు 2,600 డాలర్లు. రెండోది డౌన్‌టౌన్ రైలు స్టేషన్ పక్కన కొత్త బిల్డింగులు, అవే రెండు బెడ్‌రూములు 3,400, పైగా "8 వారాలు ఫ్రీ" అంటున్నారు. తేడా నెలకి 800 డాలర్లు, మన లెక్కలో డెబ్బై వేల పైమాటే. ఆఫీసుకి పది నిమిషాల డ్రైవే కదా అని నేను పాతదానికే మొగ్గుతున్నా. మా ఆవిడేమో "నీకు ఆఫీసు దగ్గర, బానే ఉంది, నేనెక్కడికి వెళ్ళాలి" అంటోంది. ఇక్కడ లిఫ్ట్ దిగితే కొత్తిమీర నుంచి చెప్పులు కుట్టే ఆయన దాకా అన్నీ ఉంటాయి, అది అలవాటైన ప్రాణం.

అక్కడ ఉంటున్నవాళ్ళు రోజు ఎలా గడుస్తుందో కొంచెం వివరంగా చెప్పండి. వాన గురించి అందరూ తెగ భయపెడుతున్నారు, అంత ఉంటుందా?

పాతకాపు_ఓవర్‌లేక్:
తమ్ముడూ, 2013 నుంచి ఇక్కడే, అందులో ఆరేళ్ళు నువ్వు చెప్తున్న ఆ చెక్క అపార్ట్‌మెంట్లలోనే. బాగుంటాయి, చెట్లుంటాయి, కారు పార్కింగ్‌కి డబ్బులు పెద్దగా అడగరు, గదులు కొత్తవాటికంటే పెద్దవి. అయితే ఫొటోల్లో కనబడనివి రెండు మూడున్నాయి.

మొదటిది పోపు. నవ్వకు. దిగిన వారంలో పులిహోర చేద్దామని ఎండుమిరపకాయలు నూనెలో వేశానో లేదో, పొగ అలారం కొంపలంటుకున్నట్టు కూసింది, పక్కింటాయన పైజమాలో బయటికొచ్చేశాడు. పాతవాటిల్లో చాలాచోట్ల పొయ్యి మీద ఉండే ఫ్యాను పొగని బయటికి పంపదు, ఒక జాలీలోంచి లాగి మళ్ళీ మన మొహానే ఊదుతుంది. ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు పొయ్యి పైన ఉన్న అలమర తెరిచి చూడు. అందులోంచి రేకు గొట్టం పైకి పోతుంటే సరే, లేకపోతే నీ ఇంట్లో పోపు ఇద్దరి పని, ఒకరు మూకుడు దగ్గర, ఇంకొకరు అలారం కింద టవల్ ఊపుతూ. మేమలాగే ఆరేళ్ళు లాగించాం.

రెండోది కిటికీలు. చలికాలం పొద్దున లేచేసరికి అద్దానికి లోపలివైపు నీళ్ళు కారుతుంటాయి, కింద పట్టాలో నిలుస్తాయి, రోజూ పాత బనీను గుడ్డ పెట్టి తుడవాలి. వదిలేస్తే నల్లటి బూజు. మాకది బెడ్‌రూమ్ అల్మరా వెనక గోడకి పట్టి, ఆనించి పెట్టిన సూట్‌కేసులోకి దిగి, మా ఆవిడ పెళ్ళి పట్టుచీర అంచు మీద తేలింది. మేనేజ్‌మెంట్ వాళ్ళకి చెప్తే "కిటికీ కొంచెం తెరిచి పెట్టుకోండి" అన్నారు, డిసెంబర్‌లో! వస్తువులు గోడకి నాలుగు వేళ్ళు ఎడంగా పెట్టుకోవాలని అప్పుడు తెలిసింది.

మూడోది ఏసీ, పాతవాటిల్లో ఉండదు. సాధారణంగా అక్కర్లేదు కూడా. కానీ 2021 జూన్ చివర్లో మూడు రోజులు నిప్పులు కురిశాయి, 28న సియాటిల్ విమానాశ్రయంలో 108 ఫారెన్‌హీట్, అంటే మన 42. ఖమ్మం వాణ్ణి, 42 నాకొక లెక్క కాదు, కానీ ఖమ్మంలో నెత్తిన ఫ్యాను తిరుగుతుంది. ఇక్కడ దుకాణాల్లో టేబుల్ ఫ్యాన్లు కూడా అయిపోయాయి.

ఇవన్నీ చెప్పినా, 800 డాలర్ల తేడా అంటే నేనైతే ఇప్పటికీ పాతదే తీసుకుంటా.

లెక్కల_మాస్టారు:
పైన అన్న చెప్పినదానికి కొంచెం లెక్క జత చేస్తా, ఎందుకంటే 2,600, 3,400 రెండూ అసలు అంకెలు కావు.

నీళ్ళు, డ్రైనేజీ, చెత్త ఇక్కడ చాలాచోట్ల అద్దెలో కలవవు. మొత్తం బిల్డింగ్ బిల్లుని ఇళ్ళకి పంచేస్తారు, మాకు నెలకి 170 నుంచి 200 వస్తోంది. పాత ఇళ్ళల్లో గోడవారన ఉండే కరెంటు హీటర్లు జనవరి బిల్లు చూపిస్తాయి చూడండి, కళ్ళు తిరుగుతాయి. కొత్తవాటిల్లో హీటింగ్ ఖర్చు తక్కువ, కానీ పార్కింగ్‌కి విడిగా వసూలు చేస్తారు.

"8 వారాలు ఫ్రీ" దగ్గర జాగ్రత్త. ఆ రెండు నెలలు తీసేసి సగటు వేస్తే 2,800 చిల్లర కనబడుతుంది, మనం ఆహా అనుకుంటాం. కాగితం మీద అద్దె మాత్రం 3,400. ఏడాది తర్వాత పెంచేది దాని మీద. 2025 మేలో ఈ స్టేట్‌లో అద్దెల పెంపుకి పరిమితి పెడుతూ చట్టం వచ్చింది: మొదటి 12 నెలలు పెంచకూడదు, ఆ తర్వాత ఏడాదికి 10 శాతం గానీ, ద్రవ్యోల్బణం మీద 7 శాతం గానీ, ఏది తక్కువైతే అది, పైగా 90 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. వినడానికి బాగుంది కదా. అయితే కట్టి 12 ఏళ్ళు దాటని బిల్డింగులకి ఆ పరిమితి వర్తించదు. స్టేషన్ చుట్టూ మీరు చూస్తున్న కొత్తవి చాలామటుకు ఆ బాపతే. సంతకం పెట్టేముందు బిల్డింగ్ ఏ సంవత్సరం పూర్తయిందో అడగండి.

క్రెడిట్ హిస్టరీ, అంటే ఇక్కడ అప్పులు తీర్చిన రికార్డు, లేదని కంగారు పడకండి, ఆఫర్ లెటర్ చూపిస్తే చాలాచోట్ల ఒప్పుకుంటారు, కొందరు డిపాజిట్ ఎక్కువడుగుతారు. ఇక్కడ జీతం మీద స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, దానికి బదులు కొనే వస్తువుల మీద 10 శాతం పైన సేల్స్ ట్యాక్స్, బియ్యం, కూరగాయల లాంటి వాటికి మాత్రం ఉండదు. సొంతిల్లు గురించి మీరు అడగలేదు, అడక్కండి కూడా. మామూలు విడి ఇల్లు పది లక్షల డాలర్లకి పైమాటే.

తడిసిన_కాకి:
ఇద్దరన్నయ్యలూ పొయ్యి గురించి, పైసల గురించి చెప్పారు. ప్రశ్నలో మీ ఆవిడ అడిగిందానికి ఎవరూ జవాబివ్వలేదు.

నేను 2018లో సరిగ్గా జనవరిలోనే దిగాను, హెచ్4 మీద, అంటే హెచ్1బి వాళ్ళ భార్యకిచ్చే వీసా, అప్పుడు నాకు ఉద్యోగం చేయడానికి లేదు, డ్రైవింగ్ రాదు, బాబుకి రెండేళ్ళు. మా ఆయన కూడా "ఆఫీసుకి పది నిమిషాలు" అనే ఇల్లు తీసుకున్నారు. చుట్టూ చెట్లు, కొండ మీద, ఫొటోల్లో స్వర్గమే. బస్టాపుకి పాతిక నిమిషాలు నడక, తిరిగొచ్చేటప్పుడు ఎత్తు, బాబుని స్ట్రోలర్‌లో తోసుకుంటూ. డిసెంబర్, జనవరిలో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. పొద్దున ఎనిమిదింటికి ఆయన వెళ్తే మళ్ళీ మనిషి మొహం చూసేది ఆరింటికి. కింద ఉత్తరాల డబ్బా దగ్గరికి రోజుకి రెండుసార్లు వెళ్ళేదాన్ని, ఉత్తరాలొస్తాయని కాదు, ఎవరైనా కనబడతారని. ఒకసారి కొరియర్ అబ్బాయి "హౌ ఆర్ యూ" అన్నందుకు పావుగంట నిలబెట్టి మాట్లాడా పాపం.

వాన అంటారా, ఏడాది మొత్తం సియాటిల్‌లో పడేది మన వైజాగ్‌లో పడేదానికంటే ఎక్కువేం కాదు. మనకి వానంటే దంచి కొట్టి పోతుంది. ఇక్కడ అక్టోబర్ నుంచి తుంపర, ఆగదు, పెరగదు. గొడుగు ఎవరూ వాడరు, టోపీ ఉన్న మంచి రెయిన్ జాకెట్ కొనుక్కోండి, పాపకి రబ్బరు బూట్లు, పిల్లలు వానలోనే పార్కులో ఆడతారు. డాక్టర్‌ని అడిగి విటమిన్ డి వేసుకోండి, నాకు మూడో నెలలోనే ఒళ్ళునొప్పులు మొదలయ్యాయి. జూన్‌కి మాత్రం అంతా తారుమారు, రాత్రి తొమ్మిదికి ఎండ, పిల్లలు పడుకోరు.

మేం 2024లో డౌన్‌టౌన్ వైపు మారాం. 2025 మేలో రైలు డౌన్‌టౌన్ రెడ్‌మండ్ దాకా వచ్చింది, అంతకుముందు ఏడాది బెల్‌వ్యూ నుంచి ఆఫీసుల దగ్గరున్న రెడ్‌మండ్ టెక్నాలజీ స్టేషన్ వరకే ఉండేది. పెద్దవాళ్ళకి ఎంత దూరమైనా 3 డాలర్లు, 18 ఏళ్ళ దాకా పిల్లలకి ఉచితం. ఇప్పుడు నేను బాబుని తీసుకుని నడిచి లైబ్రరీకి వెళ్తా, కథలు చెప్పే గంట ఉంటుంది, అక్కడే నా స్నేహితులంతా దొరికారు. సరుకులు నడిచే దూరం. నది పక్కన సైకిల్ దారి మేరీమూర్ పార్కు దాకా పోతుంది, ఎండాకాలం ఆదివారం అక్కడ క్రికెట్, తెలుగులో తిట్లు వినబడితే మనూరొచ్చినట్టుంటుంది. గుడికి మాత్రం కారుండాలి, బాతెల్‌లోది గానీ సమామిష్‌లోది గానీ.

అందుకని ఆఫీసుకి ఎంత దూరమని చూడకండి. మీకెలాగూ కారుంటుంది. పగలు ఇంట్లో ఉండే మనిషి పిల్లతో తడుస్తూ పది నిమిషాల్లో నడిచి ఎక్కడికి చేరగలదో మ్యాపులో చూడండి.

పాతకాపు_ఓవర్‌లేక్:
చెల్లెమ్మా, ఇది మా ఆవిడ చదివితే నాకు మూడింది. తనూ ఇదే అన్నది, పదేళ్ళ కిందట. అయితే మా పేట ఓవర్‌లేక్‌లో కూడా పాత అపార్ట్‌మెంట్లు కొన్ని స్టేషన్‌కి నడక దూరంలో ఉన్నాయి, వాటినీ చూడు తమ్ముడూ, రెండూ కలిసొస్తాయి. ఇంకొకటి, నవంబర్‌లో గాలివానలొస్తే చెట్లు తీగల మీద పడతాయి. 2024 నవంబర్ 19న వచ్చినదానికి మాకు మూడు రోజులు కరెంటు లేదు. ఈ ఇళ్ళల్లో పొయ్యి, హీటరు, వేణ్ణీళ్ళు అన్నీ కరెంటే. బ్రెడ్డు, ఆవకాయ తిన్నాం. టార్చిలైట్లు, పవర్ బ్యాంకు సిద్ధంగా ఉంచుకో.

రెండుపిల్లల_తల్లి:
ఎవరూ గమనించినట్టు లేరు, పాపకి అక్టోబర్‌లో ఐదు అన్నారు. ఇక్కడ కిండర్‌గార్టెన్‌కి, అంటే ఉచిత ప్రభుత్వ బడిలో మొదటి ఏడాదికి, ఆగస్టు 31 లోపు ఐదు నిండాలి. నెలన్నర తేడాలో మీకు ఒక ఏడాది పోతుంది, ఆ ఏడాదంతా ప్రీస్కూలో డేకేరో సొంత డబ్బులతో. మేం రోజంతా ఉంచేదానికి నెలకి 2,400 కట్టాం. కొందరికి ముందే చేర్చుకునే పరీక్ష లాంటిది ఉంటుంది, స్కూల్ డిస్ట్రిక్ట్‌ని, అంటే ఆ ప్రాంతం ప్రభుత్వ బడులు నడిపేవాళ్ళని, ఇప్పుడే మెయిల్‌లో అడగండి, గడువులుంటాయి. అన్నట్టు ఆవిడ ఎల్2, అంటే ఎల్1 వాళ్ళ భార్యకిచ్చే వీసా, అయితే ఉద్యోగం చేసుకోవచ్చు, విడిగా పర్మిట్ అక్కర్లేదు, 2021 చివర్లో మారింది. చేస్తే మాత్రం గుర్తుంచుకోండి, మా డిస్ట్రిక్ట్‌లో బుధవారం బడి గంటన్నర ముందే వదిలేస్తారు, ప్రతి బుధవారమూ. ఆ గంటన్నరకి మనిషిని వెతుక్కోవడం నా జీవితంలో సగం టెన్షన్.

మియాపూర్_మనిషి:
అందరికీ చాలా థ్యాంక్స్. ఆగస్టు 31 సంగతి నాకు అస్సలు తెలియదు, నిన్న రాత్రే మెయిల్ పెట్టాను. తడిసిన_కాకి గారూ, మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించా, ఉత్తరాల డబ్బా దగ్గర ఆగి నా వైపు చూసింది. హోటల్లో ఉన్న నెలలో ఓవర్‌లేక్, డౌన్‌టౌన్ రెండుచోట్లా తననే నడిచి చూడమన్నాను, ఎంచుకోవడం తనిష్టం. అలమర తెరిచి గొట్టం చూసే పని నాది.

చివరగా ఒక్కటి. మిక్సీ, గ్రైండర్ ఇక్కణ్ణించి తెచ్చుకోవచ్చా?

పాతకాపు_ఓవర్‌లేక్:
మిక్సీ తేకు, అక్కడిది 230 వోల్టులు, ఇక్కడ 120. ఇండియన్ స్టోర్లలో ఇక్కడి కరెంటుకి సరిపోయేవే దొరుకుతాయి. కుక్కర్ తెచ్చుకో, గ్యాస్కెట్లు నాలుగు ఎక్కువ పడేయి. పొయ్యి మీద పెట్టేది అడుగు చదునుగా ఉండాలి, గుండ్రటి మూకుళ్ళు ఈ కరెంటు పొయ్యిల మీద ఊగుతాయి.