పాత యుద్ధం ఫోటో వెనక నంబరుతో తీసినాయన పేరు దొరుకుతుందా?

అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. మా తాత 1944లో బర్మా సరిహద్దులో సిపాయి. ఆయన ట్రంకు పెట్టెలో ఒక ఫోటో దొరికింది, బురదలో కూర్చుని నలుగురు చాయ్ తాగుతున్నారు, చివర మా తాత, కాలిపట్టీ సగం ఊడి వేలాడుతోంది. వెనక పెన్సిల్‌తో ఐఎన్‌డీ అని రాసి పక్కన ఒక నంబరుంది.

బ్రిటిష్ సైన్యం 1941లో ఫోటోలకూ సినిమాకూ విడిగా యూనిట్ పెట్టిందని, అందులో చాలామంది సార్జెంట్లేనని, ఫోటోలతో పాటు ఎక్కడ తీశారో ఎవరున్నారో కాగితం మీద రాసి పంపేవాళ్లని చదివాను. ఆ ఫోటోలు ఇప్పుడు లండన్‌లో ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉన్నాయట.

తుపాకుల మధ్య కెమెరా పట్టుకుని తిరిగిన ఆ మనిషి లేకపోతే మాకు తాత పడుచు వయసులో ఉన్నప్పటి ముఖమే తెలిసేది కాదు, అందుకే ఆయన పేరు తెలుసుకోవాలని ఉంది. ఆ మ్యూజియానికి నంబరు రాసి పంపితే జవాబిస్తారా? ఫోటో అంచులు పెళుసుబారాయి, స్కానింగ్‌కు నల్లగొండలో ఇవ్వొచ్చా, హైదరాబాద్ తీసుకెళ్లాలా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.