‘ఉడుకుమోతు’ అంటే కోపిష్టా, అలిగేవాడా?

తాటిముంజ అడిగిన ప్రశ్న:
చీటికీమాటికీ నొచ్చుకునే మనిషిని ఒక్క మాటలో ఏమనాలి? ‘ఉడుకుమోతు’ సరిపోతుందా? నిఘంటువులో చూస్తే ఓర్వలేనివాడు అని ఉంది, జనం నోట మాత్రం అలా వినపడదు. అలగడం, చిన్నబుచ్చుకోవడం కూడా ఇదేనా? పెద్దవాళ్ల గురించి, ఆఫీసు ఉత్తరాల్లో ఏది వాడాలి? అనువాదం చేసేటప్పుడు ప్రతిసారీ ఇక్కడే కలం ఆగుతోంది.

పెన్నగట్టు:
రెండు అర్థాలకీ వేరు ఒకటే, ఉడుకు. ఎదుటివాడి బాగు చూసి లోపల ఉడికితే ఓర్వలేనితనం, ఎదుటివాడి మాటకి ఉడికితే మీరడిగేది. ఏడిపించేవాడు ఉడికిస్తాడు, పడేవాడు ఉడుక్కుంటాడు, ప్రతిదానికీ ఉడుక్కునేవాడు ఉడుకుమోతు. ‘ఉడుకుబోతు’ అని కూడా అంటారు. తాగుబోతు, తిండిపోతు లాగే ఇది స్వభావానికి పెట్టే పేరు కాబట్టి ఒక్కసారి ఉడుక్కున్నవాడికి తగిలించకూడదు. ఆడా మగా ఇద్దరికీ ఒకటే రూపం.

అష్టాచెమ్మా ఆటలో చూడండి. పండబోయే కాయని ఎవరో చంపేస్తారు, పక్కనున్నవాళ్లు నవ్వుతారు. పిల్లాడి చెవులు ఎర్రబడతాయి, కింది పెదవి వణుకుతుంది, గవ్వలు విసిరేసి ‘నేనాడను పో’ అని లేచిపోతాడు. తిరిగి అనడానికి మాట దొరకదు, అదే అసలు గుర్తు. ఎదురు నాలుగు తిట్టగలిగితే వాణ్ణి కోపిష్టి అంటారు. పెద్దవాళ్లని ఉడుకుమోతు అంటే పిల్లచేష్టలు అంటగట్టినట్టే, మర్యాద ఉండదు.

గోరింటాకు:
అలక దారి వేరు. అలిగినవాళ్లు బతిమాలించుకోవాలని చూస్తారు, అందుకే అది అయినవాళ్ల దగ్గరే చెల్లుతుంది. అలకపాన్పు మీద కూర్చున్న కొత్త అల్లుడికి మనసు నొచ్చి ఉండక్కర్లేదు, అడిగిన కానుక చేతికొస్తే దిగుతాడు. పై అధికారి ‘అలిగారు’ అని రాస్తే వెటకారమే అవుతుంది.

పాత పుస్తకం అనువదిస్తుంటే ఇంకో చిక్కుంది. అప్పట్లో అలుగు అంటే కోపించడమే. తిరుపతి వేంకట కవుల ‘అలుగుటయే యెరుంగని’ పద్యంలో ధర్మరాజు అలిగిననాడు జరిగేది యుద్ధం. అక్కడ మూతి ముడుపు అర్థం పెడితే పద్యం మొత్తం చచ్చిపోతుంది. (చెరువుకి ఉండే అలుగుతో దీనికి సంబంధం లేదు.)

వేపచెట్టునీడ:
ఆఫీసుకీ పెద్దవాళ్లకీ ‘నొచ్చుకోవడం’ హాయిగా వాడుకోవచ్చు: ‘ఆయన త్వరగా నొచ్చుకుంటారు’. సుమతీ శతకంలో ‘నొప్పింపక తానొవ్వక’ అన్నచోట బాధపెట్టడం, బాధపడటం రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఉత్తరంలో ఈ తేడా చాలా ముఖ్యం. ‘మీరు నొచ్చుకుని ఉంటే క్షమించండి’ అంటే తప్పు సగం వాళ్ల మీదికి నెట్టినట్టుంటుంది. ‘మిమ్మల్ని నొప్పించాను, క్షమించండి’ అని రాయండి.

మర్యాద తగ్గిందని బాధపడితే చిన్నబుచ్చుకోవడం. ఇంటికొచ్చి బొట్టుపెట్టి పిలవకుండా ఫోన్లో చెప్పి ఊరుకుంటే చుట్టాలు చిన్నబుచ్చుకుంటారు. ‘చిన్నబుచ్చారు’ అంటే అవమానించారు, ‘చిన్నబుచ్చుకున్నారు’ అంటే అవమానం అనుకున్నారు, ‘చిన్నబోయారు’ అంటే మొహం వాడిపోయింది. ‘చిన్నబుచ్చుకున్నారు’ బదులు ‘చిన్నబుచ్చారు’ అని పడితే బాధపడ్డవాడే బాధపెట్టినవాడైపోతాడు. ప్రూఫులో ఇది తరచూ జారిపోతుంది, రెండుసార్లు చూడండి.

చింతచిగురు:
ఇవాళ ఎక్కువ వినిపించేది ‘ఫీలవ్వడం’. మా తెలంగాణల అయితే ‘ఊకె ఫీలైతడు’ అంటం. మాటల్లో బాగుంటది, రాతలో పాత్ర వయసు చూసి పెట్టాలె. అదే గుణాన్ని మెచ్చుకోవాలంటే ‘మాట పడే మనిషి కాదు’ అంటరు, అక్కడ ఉడుకుమోతు అసలు పనికిరాదు.

‘మనోభావాలు దెబ్బతిన్నయి’ అన్నది ఒక సమూహం గురించి, పేపర్లకు, కేసులకు. పాత శిక్షాస్మృతిల 295ఎ, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితల 299 సెక్షన్, మత భావాల సంగతే. ఇంట్ల వదినె నొచ్చుకున్నదని రాయడానికి దాన్ని తేవద్దు.

ఇంకోటి, ‘గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు’ అన్న సామెతను కూడా కొందరు దీనికి వాడుతున్నరు. భుజాలు తడుముకునేటోడు తప్పు చేసినోడు. ఉడుకుమోతు ఏ తప్పూ చెయ్యకపోయినా ఉడుక్కుంటడు.